జ్ఞానస్నానం, బాప్తిస్మం: తెలుగు కతోలిక పీఠాధిపతులకు, సువార్తిక సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

పూజ్యులైన తెలుగు కతోలిక పీఠాధిపతులకు (బిషప్పులకు), గౌరవనీయులైన సువార్తిక (బాప్టిస్టు, పెంతెకొస్తు తదితర) సంఘాల పెద్దలకు, పట్టణాల్లోనూ పల్లెల్లోనూ పాస్టర్ల ఫెలోషిప్‌లను నడుపుతున్న అయ్యగార్లకు వందనాలతో రాస్తున్న విన్నపం.

నేను విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మా నాన్నగారిది పల్నాడులో తరాలుగా ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషను) కుటుంబం. మా అమ్మ ఒంగోలు వైపు తెలుగు బాప్టిస్టుల ఆడపడుచు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారని చరిత్ర చెబుతుంది కదా, వారిలో తమ ముత్తాత కూడా ఉన్నాడని మా అమ్మమ్మ చెప్పుకునేది. ఇంట్లో మేము ఉదయం జపమాల, రాత్రి బైబిలు పఠనం రెండూ చూస్తూ పెరిగాము. అందువల్ల కతోలికులూ సువార్తికులూ దగ్గరకావడం నాకు వేదాంత చర్చ కాదు, మా ఇంటి విషయం. గత కొన్నేళ్లుగా మీరు ఒకే వేదిక మీద కూర్చోవడం, ఒకే వినతిపత్రం మీద సంతకాలు చేయడం చూసి సంతోషించినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ సంతోషంతోనే, దానితోపాటు మనసులో ఎంతోకాలంగా ఉన్న ఒక బాధతోనూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనల్ని ఇంతవరకు కలిపింది ఎక్కువగా భయం. భయం వల్ల కలిసినవారు భయం తీరగానే ఎవరి దారిన వారు పోతారు. మన కూటమి నిలవాలంటే అది నీళ్ల దగ్గర, పెళ్లి దగ్గర, సమాధి దగ్గర మొదలు కావాలి. అంటే, ఒకరు ఇచ్చిన బాప్తిస్మాన్ని (కతోలికులు దీన్నే జ్ఞానస్నానం అంటారు) మరొకరు ఏమనుకుంటున్నారన్న ప్రశ్నకు మీరు కలిసి కూర్చుని, రాతపూర్వకంగా జవాబు చెప్పాలి.

భయం మనల్ని కలిపిందంటే దాన్ని నేను తక్కువ చేయడం లేదు. 1999 జనవరిలో ఒడిశాలో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు పసి కుమారులను సజీవదహనం చేశారు. ఆయన సువార్తిక మిషనరీ. అదే సంవత్సరం సెప్టెంబరులో అదే ప్రాంతంలో ఫాదర్ అరుళ్ దాస్‌ను చంపారు. ఆయన కతోలిక గురువు. 2008లో కంధమాల్‌లో ఇళ్లు తగులబెట్టినవారు ఏ ఇంటి ముందూ ఆగి, మీది కతోలిక విచారణ (పారిష్) గుడా, బాప్టిస్టు సంఘమా, పెంతెకొస్తు మందిరమా అని అడగలేదు. అడవుల్లోకి పరుగెత్తినవారు, సహాయ శిబిరాల్లో పక్కపక్కన పడుకున్నవారు అన్ని సంఘాలవారూ. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య, భారత జాతీయ సంఘాల మండలి, భారత సువార్తిక సహవాసం కలిసి ఒక జాతీయ ఐక్య వేదికగా మాట్లాడడం వెనుక ఇలాంటి గాయాలే ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ తెలుగు సంఘాల సమాఖ్య పేరుతో మీరు కలుస్తున్నారు. ఇవన్నీ అవసరమే. నా ప్రశ్నల్లా సభ ముగిశాక, షామియానా విప్పాక, ఎవరి ఊరికి వారు వెళ్లాక జరిగేదాని గురించి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఏ విచారణనూ ఏ సంఘాన్నీ పేరు పెట్టి నిందించను, ఎందుకంటే ఇది ఏ ఒక్క ఊరి కథో కాదు.

1961లో మా అమ్మకు పెళ్లి కుదిరింది. అప్పటికి అయిదేళ్ల ముందే, పద్నాలుగేళ్ల వయసులో, తనంతట తాను సాక్ష్యం చెప్పి కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకున్న మనిషి ఆమె. పెళ్లికి ముందు మా నాన్నగారి విచారణలో ఆమె తల మీద మళ్లీ నీళ్లు పోశారు. ఆ రోజుల్లో అలాగే చేసేవారు. మునుపటిది చెల్లకపోయి ఉంటే ఇది చెల్లుతుందన్న షరతుతో ఇచ్చేవారని నాకు తరువాత తెలిసింది గానీ, పంతొమ్మిదేళ్ల పిల్లకు ఆ షరతు ఎవరూ వివరించలేదు. నీది అసలు బాప్తిస్మమే కాదు అన్నట్టుగానే ఆమెకు అర్థమైంది. యాభై రెండేళ్ల తరువాత, 2013లో, మా అన్నయ్య కూతురికి ఒక పెంతెకొస్తు కుటుంబంలో సంబంధం కుదిరింది. పుట్టిన నెలలోపే జ్ఞానస్నానం పొంది, కొత్త సత్ప్రసాదం (మొదటిసారి ప్రభు భోజనం) తీసుకుని, బలిపూజలో (గుడి ఆరాధనలో) పాటలు పాడుతూ పెరిగిన పిల్ల. చిన్నప్పుడు చిలకరించింది బాప్తిస్మం కాదు, మునిగితేనే పెళ్లి అని అటువైపు అయ్యగారు చెప్పారు. మందిరం వెనుక సిమెంటు తొట్టిలో ఆ పిల్లను ముంచారు. మా అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసింది. తడి తలతో వచ్చి కాళ్లకు దండం పెట్టిన మనవరాలి జుట్టును తన కొంగుతో తుడుస్తూ, "నన్ను అటు కడిగారు, నిన్ను ఇటు కడిగారు. మనం ఏం మైల పడ్డామే తల్లీ" అంది. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆమెకు ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

మూడేళ్ల తరువాత అమ్మ వెళ్లిపోయింది. ఒంగోలు నుంచి మా మేనమామలు, వారి సంఘ పాస్టరుగారు వచ్చారు. సమాధుల తోటలో ఆయన కూడా ఒక ప్రార్థన చేస్తారని మామయ్యలు అడిగారు. తోట విచారణది కాబట్టి వేరే సంఘంవారు లోపల ప్రార్థన నడిపించడానికి వీల్లేదని అక్కడి పెద్దలు చెప్పారు. పాస్టరుగారు వాదించలేదు. గేటు బయట, ప్రహరీగోడ పక్కన, మామయ్యల కుటుంబాలతో నిలబడ్డారు. లోపల గురువుగారు దీవించిన నీళ్లు చల్లి, పరలోక ప్రార్థన (యేసు నేర్పిన ప్రార్థన) మొదలుపెట్టారు. గోడ అవతలివారూ గొంతు కలిపారు. మొదటి మాట దాకా రెండు గొంతులూ దాదాపు ఒక్కటిగానే సాగాయి. ఆ తరువాత మేము "మీ నామము పూజింపబడును గాక" అన్నాము, వారు "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అన్నారు. అక్కడి నుంచి మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మేము ఆమెన్ అని ఆగిపోయాక, రాజ్యము, శక్తి, మహిమ అని వారి ప్రార్థన ఇంకా సాగుతూనే ఉంది. లోపలివాళ్లం తలలు వంచుకుని వారిది పూర్తయ్యేదాకా నిలబడ్డాము. పెట్టె దించేవాళ్లు కూడా తాళ్లు పట్టుకుని ఆగారు. ఆ కొద్ది క్షణాల నిశ్శబ్దం కన్నా పెద్ద ఐక్యతను నేను ఏ సభలోనూ చూడలేదు. అది గోడకు రెండువైపులా ఉండి చేయవలసి వచ్చిందన్నదే నా బాధ.

ఇప్పుడు పీఠాధిపతులకు ప్రత్యేకంగా ఒక మాట. మీ సభ నియమం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1964 నవంబరులో రెండవ వాటికన్ మహాసభ క్రైస్తవ ఐక్యత మీద వెలువరించిన డిక్రీ, సరైన విధంగా జ్ఞానస్నానం పొందిన ఇతర సంఘాలవారిని ప్రభువునందు సహోదరులుగా అంగీకరించమంది. నీటితో, పితపుత్ర పవిత్రాత్మల నామమున ఇచ్చిన బాప్తిస్మాన్ని, గట్టి సందేహం ఉంటే తప్ప, మళ్లీ ఇవ్వరాదని మీ సభ ధర్మశాస్త్రం (కానన్ లా) చెబుతోంది. మిశ్రమ వివాహానికి అనుమతి కావాలి గానీ, అవతలి వ్యక్తి మతం మారాలన్న షరతు లేదు. తమ సంఘ కాపరి అందుబాటులో లేని ఇతర సంఘస్థులకు అంత్యక్రియలు జరిపించే అవకాశం సైతం మీ విచక్షణకు వదిలారు. అలాంటప్పుడు పల్లె విచారణల్లో ఉపదేశి (గురువు తరఫున విశ్వాసులకు బోధించే వ్యక్తి) నోటి నుంచి నేటికీ వేరే మాట ఎందుకు వినబడుతోంది? రోములో తలుపు తెరిచి అరవై ఏళ్లు దాటింది. మా ఊరి సమాధుల తోట గేటు దాకా ఆ మాట చేరలేదు. దాన్ని చేర్చగలిగినవారు మీరే. ప్రతి మేత్రాసనం (బిషప్ పరిధి) నుంచి ప్రతి విచారణకూ, అందరికీ అర్థమయ్యే తెలుగులో, ఒకే ఒక పేజీ లేఖ చాలు.

సువార్తిక సంఘాల పెద్దలారా, మిమ్మల్ని అడిగేది దీనికన్నా కష్టమైనదని నాకు తెలుసు. తెలిసి విశ్వసించినవారికే బాప్తిస్మం అన్నది మీకు ప్రాణసమానమైన నమ్మకం. దాన్ని వదులుకోమని నేను అడగను. మా అమ్మ పుట్టింటివారు దాని కోసం ఎన్ని అవమానాలు పడ్డారో విని పెరిగినవాణ్ణి. నేను అడిగేది వేరు. ఒక కతోలిక యువతి పెళ్లి కోసం మీ దగ్గరకు వచ్చినప్పుడు, ఆమె అప్పటివరకు క్రీస్తును ఎరుగనిదన్నట్టు మాట్లాడకండి. ఆమె చేతిలోని జపమాలను వేదిక మీద విగ్రహారాధనగా ఎత్తి చూపించకండి. ముంచక తప్పదని మీ మనస్సాక్షి చెబితే, ముంచే ముందు ఆమె విచారణ గురువుతో ఒక్కసారి మాట్లాడండి. ఆమెను పెంచిన విశ్వాసానికి ఆ మాత్రం గౌరవం ఇవ్వండి. పెళ్లి తేదీ ముందు పెట్టి, దానికి షరతుగా అడిగిన బాప్తిస్మం, తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుందా అని మీ నమ్మకం ప్రకారమే మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇది ఎవరూ చేయలేని పని కాదు. 2007 ఏప్రిల్‌లో జర్మనీలోని మాగ్డెబర్గ్ కేథడ్రల్‌లో 11 సంఘాలు, కతోలిక సభతో సహా, ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు గుర్తిస్తున్నామని సంతకాలు చేశాయి. బాప్టిస్టులు అందులో చేరలేకపోయారు. కానీ చేరలేకపోవడానికి కారణాన్ని నిజాయితీగా చెప్పుకుని, శత్రుత్వం లేకుండా మిగతావారితో పనిచేస్తున్నారు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో, విశ్వాసమూలంగా నీతిమంతులుగా తీర్చబడడమనే సిద్ధాంతం మీద, అంటే సరిగ్గా సంఘం చీలిపోయిన చోటనే, కతోలిక సభకూ లూథరన్ ప్రపంచ సమాఖ్యకూ ఉమ్మడి ప్రకటన కుదిరింది. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఆ సమాఖ్య సభ్యసంఘమే. అయినా పల్నాడులోని లూథరన్ పల్లెల్లో గానీ, పక్కనే ఉన్న ఆర్‌సీఎం పల్లెల్లో గానీ, ఆ ప్రకటన సంగతి విన్న విశ్వాసి నాకు ఇంతవరకు ఒక్కరూ తారసపడలేదు.

కతోలిక, సువార్తిక కూటమి అనగానే చదువుకున్నవారికి అమెరికా గుర్తుకొస్తుంది. 1994 మార్చిలో చార్లెస్ కోల్సన్, రిచర్డ్ జాన్ న్యూహాస్‌ల చొరవతో అక్కడి సువార్తికులూ కతోలికులూ కొందరు కలిసి ఒక ప్రకటన వెలువరించారు. గర్భస్రావ వ్యతిరేక ఉద్యమంలో పక్కపక్కన నిలబడినవారు అలా దగ్గరయ్యారు. లాటిన్ అమెరికాలో రెండు పక్షాల మధ్య పెరుగుతున్న వైరం కూడా వారిని కదిలించింది. ఆ ప్రకటనను సువార్తికుల్లోనే చాలామంది గట్టిగా వ్యతిరేకించారు. దానిలో నాకు నచ్చినది ఒకటుంది: విభేదాలను దాచకుండా వరుసగా రాసుకున్నారు. ఒక సంఘంలో చురుకుగా ఉన్నవారిని మరో సంఘంవారు లాక్కోవడం సరికాదని కూడా రాశారు. మన పల్లెల్లో గొర్రెల దొంగతనం అంటామే, అదే. నచ్చనిది కూడా ఒకటుంది. ఆ స్నేహం క్రమంగా ఎన్నికల లెక్కల్లోకి, ఎవరికి వ్యతిరేకంగా నిలబడాలన్న లెక్కల్లోకి వెళ్లిపోయింది. అక్కడ వారు పెద్ద సంఖ్యలో ఉన్నవారు. ఇక్కడ మనం, 2011 జనాభా లెక్కల ప్రకారం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.34 శాతం. వారి దారిని యథాతథంగా దిగుమతి చేసుకోవడం మనకు తగదు.

మనకు మన దారే ఉంది, అదీ మన నేల మీదనే ఉంది. దోర్నకల్ బిషప్ అజరయ్య, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్, సంఘాల చీలికలు పాశ్చాత్య దేశాల్లో బలహీనత కావచ్చు గానీ ఇక్కడ అవి పాపమూ అపవాదూ అని వాదించారు. 1919లో తరంగంబాడిలో మొదలైన ఆ ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) ఫలించింది. అది చూడకుండానే, రెండేళ్ల ముందే, ఆయన కన్నుమూశారు. ఆ ఐక్యతలో కతోలికులు లేరు, తెలుగు బాప్టిస్టులు లేరు, లూథరన్లు లేరు. ఆగిపోయిన ఆ పనిని మళ్లీ అందుకోవడం మీ వంతు.

అయితే ఈ చీలికలన్నీ సిద్ధాంతం వల్ల వచ్చినవేనని మనల్ని మనం మభ్యపెట్టుకోకూడదు. ప్రొటెస్టంటు మిషన్లు ఒకరి ప్రాంతంలోకి మరొకరు రాకుండా హద్దులు పంచుకున్నాయి. కతోలిక మిషను ఆ ఒప్పందంలో లేదు. ఆ పంపకం కులం గీతల వెంట కూడా స్థిరపడింది. ఎన్నో ఊళ్లలో మాలపల్లెకు ఒక సంఘం, మాదిగపల్లెకు మరో సంఘం, కొన్ని చోట్ల రెడ్ల వీధిలో ఆర్‌సీఎం గుడి. మునగడమా, చిలకరించడమా అని వాదించుకునేవారిలో చాలామందికి అసలు అడ్డు మరొకటి. అవతలి పల్లెవారి చేతి నుంచి రొట్టె తీసుకోవడానికి మనసొప్పదు. సమాధుల తోటల్లో సైతం గీతలున్న ఊళ్లున్నాయి. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ దీన్ని పక్కన పెట్టి మీరు ఏ ఐక్యతా ప్రకటన రాసుకున్నా, అది పై అంతస్తులో రంగులు వేయడమే అవుతుంది. 2013లో ప్రపంచమంతటా జరుపుకున్న క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారానికి వాక్యాలను, ధ్యానాలను సిద్ధం చేసింది మన దేశపు విద్యార్థి క్రైస్తవ ఉద్యమం. కతోలిక విద్యార్థులూ అందులో పాలుపంచుకున్నారు. వారు ఎంచుకున్న అంశం దళితుల పట్ల న్యాయమే. ఆ పిల్లలు చూడగలిగింది మనమూ చూడాలి.

మనం కలిసి పోరాడుతున్న ఒక విషయంలోనే ఇది బాగా కనిపిస్తుంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు ఇప్పటికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రాల్లో వారు బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సి వర్గం) కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. ప్రతి ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని మీరందరూ కలెక్టరాఫీసు ముందు నిలబడతారు. అదే ఉత్తర్వు దళిత ముస్లింలను కూడా బయటే ఉంచింది. ఆ రోజు వారిని మీ పక్కన నిలబెట్టుకోండి. క్రైస్తవుల కూటమి అంటే మిగతావారికి ఎదురుగా కట్టిన గోడ అని ఎవరికీ అనిపించకూడదు. ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదలలో మరియమ్మ గుడి కొండ ఎక్కేవారిలో హిందువులు ఎంతమంది ఉంటారో పీఠాధిపతులకు తెలుసు. వారి మొక్కులను కొందరు సువార్తికులు ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళి మరియమ్మ మీదే కాదు, ఇరుగుపొరుగు మీద కూడా పడుతుంది. మన పొరుగువారి భక్తిని గౌరవించలేని ఐక్యత మన పల్లెల్లో ఒక్క రోజు కూడా నడవదు.

నేను కోరేవి చిన్న పనులు. బాప్తిస్మ సర్టిఫికెట్‌కు ఒక ఉమ్మడి నమూనా తయారుచేయండి. ఏ నామమున, ఏ విధంగా ఇచ్చారో అందులో స్పష్టంగా రాయండి. యేసు నామమున మాత్రమే ఇచ్చే సంఘాలున్నాయి కాబట్టి ఆ వివరం ఉంటే తరువాత తగాదా ఉండదు. మిశ్రమ వివాహాలకు గురువుగారూ పాస్టరుగారూ కలిసి ఆ జంటతో మాట్లాడే ఏర్పాటు చేయండి. కలిసి ప్రార్థించే చోట పరలోక ప్రార్థనకు ఒక సభలో ఈ పాఠం, తరువాతి సభలో ఆ పాఠం చదవండి. "మీ" అన్నా "నీ" అన్నా వినేవాడు ఒక్కడే.

నవంబరు 2 సమాధుల పండుగ. ఆ రోజు కతోలికులూ, లూథరన్లూ, దక్షిణ ఇండియా సంఘంవారూ సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా మామయ్యలిద్దరూ ఇప్పుడు ఎనభై దాటినవారు. ప్రతి ఏటా ఆ సాయంత్రం వస్తారు. అక్క సమాధి దగ్గర వారి పాస్టరుగారు రెండు నిమిషాలు ప్రార్థన చేయడానికి అనుమతి అడగడం వారు మానేశారు. గోడ పక్కనే నిలబడి, లోపల మా ప్రార్థన పూర్తయ్యాక తమది చేసుకుని వెళ్లిపోతారు. గేటు తాళం విచారణ కార్యాలయంలో ఉంటుంది. రాబోయే నవంబరు 2కు ముందే మీ లేఖ ఆ కార్యాలయానికి చేరేలా చూడమని మీ అందరినీ చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ ఇరువురి సంఘాల బిడ్డ,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, పల్నాడు